గిటారు కడుపులో ఎర్రచుక్క

నాయినకు దగ్గు మందు తేవాలి, పెద్ద సీసా.
అమ్మకు రేషన్ కార్డు జిరాక్స్, రెండు కాపీలు.
ఐడీ కార్డు తాడు తెగింది, కొత్తది అడగాలి.
నవంబరు సంచిక, 62 నుంచి 69 దాకా పేజీలు కట్టాలి.
ఫొటోల కింది రాతలు అమెరికా వాళ్లు పంపిన కాపీతో సరిచూడాలి. ఒక్క అక్షరం తేడా రావద్దు.
రేపు సాయంత్రం ఐదు కల్లా ఉదయలక్ష్మి మేడమ్ సంతకం.
నాయిన పేరు వచ్చిందేమో చూడాలి.

ఆ గురువారం దివ్యశ్రీ రాసుకున్న పనులివి. రాసింది ఒక కోచింగ్ సెంటర్ కరపత్రం వెనక. అమీర్‌పేటలో కాగితానికి కరువు లేదు. పంజాగుట్ట నుంచి నడిచొచ్చి ఆఫీసు మెట్లెక్కేలోపు జావా అని ఒకటి, ఒరాకిల్ అని ఒకటి, నలభై రోజుల్లో అమెరికన్ యాస అని ఒకటి చేతిలో కుక్కేస్తారు. చివరి పని మాత్రం ఆ వారం కొత్తగా వచ్చింది కాదు. పద్నాలుగు నెలలుగా ప్రతి సంచికకూ రాసుకుంటోంది, లేదని చూసుకుని కొట్టేస్తోంది.

అది 2005. దివ్యశ్రీ పనిచేసే కంపెనీ ఒకదాని మీద ఒకటి బోర్డులు పేర్చిన ఒక భవనంలో నాలుగో అంతస్తులో ఉండేది. అక్కడ సాఫ్ట్‌వేర్ చేయరు. అమెరికాలో, ఇంగ్లండులో అచ్చయ్యే పత్రికలకు పేజీలు కట్టి పంపుతారు. ఒకరు పళ్ల డాక్టర్ల పత్రిక చూస్తే ఇంకొకరు గుర్రాల పత్రిక చూస్తారు. దివ్యశ్రీది పాత గిటార్ల పత్రిక. యాభై అరవై ఏళ్ల కిందటి గిటార్లు కొని దాచుకునేవాళ్లు, వాటిని వాయించేవాళ్లు చదివేది. ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెది, తెలుగు మీడియం నుంచి లేచొచ్చిన బీఎస్సీ కంప్యూటర్స్. చుట్టాలెవరైనా "సాఫ్ట్‌వేరా?" అని అడిగితే తల్లి వజ్రమ్మ "గసొంటిదే" అని మాట దాటేసేది.

ఆ పత్రికను ఆమె కోరి తీసుకుంది. ఇంటర్వ్యూలో బల్ల మీద నమూనా సంచికలు పరిచి, దేని గురించైనా తెలుసా అని అడిగారు. ఆమె గిటార్ల పత్రిక మీద వేలు పెట్టింది.

"నీకు గిటారు వాయించడం వచ్చా?" అని అడిగింది ఉదయలక్ష్మి. ఆమె భీమవరం మనిషి. ఆ విభాగానికి పెద్ద.

"వాయించరాదు మేడమ్. లోపల చూసిన."

ఉదయలక్ష్మి పకపకా నవ్వి, ఉద్యోగం ఇచ్చేసింది.

నిజంగానే లోపల చూసింది. అది 1996, ఆమెకు పన్నెండేళ్లు. తండ్రి సారయ్యకు పంజాగుట్ట సందులో రేకుల షెడ్డు, అందులో వడ్రంగి దుకాణం. కడుపు నింపింది కంప్యూటర్ టేబుళ్లే. అమీర్‌పేటలో సగం కోచింగ్ సెంటర్లకు ప్లైవుడ్ కోసి, కీబోర్డు బల్లలు బిగించింది సారయ్యే. మనసు మాత్రం వాయిద్యాల మీద ఉండేది. శ్రీనగర్ కాలనీలో ఉండే సినిమా వాయిద్యగాళ్లు విరిగిన గిటార్లు తెచ్చిచ్చేవాళ్లు. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. పగిలిందాన్ని పూర్తిగా విప్పి, ఎట్లా కట్టారో చూసి, తిరిగి అట్లాగే కట్టి నేర్చుకున్నాడు.

ఒకరోజు బంజారా హిల్స్ నుంచి భార్గవ్ అనే ఆయన వచ్చాడు. పాత గిటార్లు సేకరించడం ఆయన సరదా. అమెరికా పత్రికలకు వాటి గురించి రాస్తాడు కూడా. దుప్పట్లో చుట్టిన గిటారు తీసి బల్ల మీద పెట్టాడు. పొట్ట చెక్క పగిలి ఉంది, మెడ సగానికి విరిగి వేలాడుతోంది.

"బేగంపేట హోటల్లో వాయించే ముసలాయన దగ్గర దొరికింది సారయ్యా. నలుగురికి చూపించాను. పొయ్యిలో పెట్టమన్నారు."

సారయ్య గిటారు పొట్ట మీద చిటికెన వేలితో మూడుసార్లు తట్టి, చెవి ఆనించాడు.

"సావలే సార్. అలిగింది" అన్నాడు.

ఐదు నెలలు పట్టింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి పది దాకా గిటారు, పది తర్వాత టేబుళ్లు. అతకడానికి డబ్బాల్లో దొరికే తెల్ల బంక వాడలేదు. తోలు ఉడికించి తీసే పాత బంక, వడ్రంగులు వజ్రం అనేది, తెప్పించాడు. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి అది కాస్తుంటే సందంతా కంపు.

"గా తెల్ల బంక పెడ్తే ఏం రోగం నీకు?" అని వజ్రమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అరిచేది.

"తెల్ల బంక పెడ్తే మళ్ల ఇప్పరాదు. ఇంకో వందేండ్లకు ఎవడన్న ఇప్పి చూడాల్నంటే? ఆనికి దారుంచాలె గద" అనేవాడు సారయ్య. అని కూతురి వైపు తిరిగి కన్నుగీటేవాడు. "ఇంట్ల వజ్రమ్మ, దుకాణంల వజ్రం. రెండూ ఉడికితెనే నా పని నడుస్తది."

అన్నిటికంటే కష్టమైంది లోపలి పని. తీగలు కట్టే చోట, పొట్ట చెక్క అడుగున, బియ్యపు గింజంత మందం ఉన్న ఒక పలక పగిలిపోయింది. కొత్త పలక అంటించాలంటే పొట్ట మీది గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి పోవాలి. సారయ్య చెయ్యి పోలేదు, మణికట్టు దగ్గర ఇరుక్కుంది. బడి నుంచి వచ్చిన కూతుర్ని పిలిచాడు.

"నీ చెయ్యి పెట్టు బిడ్డా. పలక నొక్కి పట్టుకో. నేను చెప్పెదాంక వదలకు."

దివ్యశ్రీ మోచేతి దాకా గిటారులో పెట్టి కూర్చుంది. చెయ్యి తిమ్మిరెక్కింది, ఏడుపొచ్చింది, వదల్లేదు. వాళ్లింట్లో చేసిన ప్రతి వస్తువుకూ బొట్టు పెడతారు. తలుపుకైతే బయట, పెట్టెకైతే లోపల. బంక ఆరాక సారయ్య కుంకుమ తడిపి ఆమె వేలికి అద్దాడు. "నా చెయ్యి వోదు గద. నువ్వే పెట్టు." చీకటి గిటారులో తడుముకుంటూ ఆ పలక మీద ఆమె బొట్టు పెట్టింది.

గిటారు తీసుకెళ్లడానికి వచ్చిన భార్గవ్ రెండు తీగలు మీటి, కళ్లు మూసుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు. జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. సారయ్య ఆపాడు.

"పైసలొద్దు సార్. మీరు అమెరికా బుక్కుల రాస్తరంట గద. దీని గురించి రాసిన్నాడు నా పేరెయ్యిండ్రి. పంజాగుట్ట సారయ్య అని."

"తప్పకుండా సారయ్యా. ఇంత పని చేసి పేరు లేకపోతే ఎలా?" అని భార్గవ్ ఆయన భుజం తట్టాడు. ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. సారయ్య దాన్ని తలుపు వెనక చెక్క మీద పెన్సిలుతో రాసుకున్నాడు.

ఆ రోజు నుంచి తొమ్మిదేళ్లు ఎదురుచూశాడు. సందు చివర చాయ్ బండి హనుమాండ్లు ఏడిపించేవాడు. "ఏం సారన్నా, నీ పేరు ఇంక అచ్చు గుద్దలేదా? అమెరికల సిరా అయిపోయిందట గద, జర మనమే పంపుదామా?" సారయ్య నవ్వి ఊరుకునేవాడు. భార్గవ్ మీద ఒక్క మాట పడనిచ్చేవాడు కాదు. "పెద్దమనిషి. మస్తు పనులుంటయ్. రాస్తడు."

ఆ గురువారం 62వ పేజీ తెరవగానే శీర్షిక కింద భార్గవ్ పేరు కనబడింది.

ఎనిమిది పేజీలు, పదకొండు ఫొటోలు. అదే గిటారు. దివ్యశ్రీ ముందు చదవలేదు, వెతికే పెట్టెలో తండ్రి పేరు ఇంగ్లీషులో కొట్టింది. ఆ మాట దొరకలేదని వచ్చింది. ఒక అక్షరం మార్చి కొట్టింది, రెండు అక్షరాలు మార్చి కొట్టింది. పంజాగుట్ట అని కొట్టింది. దొరకలేదు. అప్పుడు మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టింది.

మెడ అతుకు వెంట్రుక కూడా దూరనంత సన్నగా ఉందని రాశాడు. పాత పద్ధతి బంక వాడారనీ, ఎప్పుడైనా విప్పుకోవచ్చనీ మెచ్చుకున్నాడు. ఆ తర్వాతి పేరా ఇది: ఇంత శుభ్రమైన పని ఇండియాలో బజారు వడ్రంగుల వల్ల అయ్యేది కాదు, వాళ్లు మేకులు కొడతారు. కాబట్టి 1950లలో ఈ గిటారును సముద్రం దాటించి, పుట్టిన ఫ్యాక్టరీలోనే బాగు చేయించారు. దానికి రుజువుగా ఒక ఫొటో, గిటారు లోపలికి చిన్న అద్దం దూర్చి తీసింది. పలక మీద ఎర్రటి చుక్క. దాని కింద పెట్టాల్సిన రాత: ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ గుర్తు. వేలి అచ్చు చిన్నది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో ఆడవాళ్లు ఇన్‌స్పెక్టర్లుగా ఉండేవారు.

దివ్యశ్రీ తన కుడి చూపుడువేలు చూసుకుంది. తర్వాత లేచి ఉదయలక్ష్మి బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఏంటి దివ్యా, మొహం అలా పెట్టావేంటి? టిఫిన్ తిన్నావా లేదా?"

"మేడమ్, నవంబరు సంచికల తప్పున్నది."

"స్పెల్లింగా?"

"కాదు మేడమ్. గిటారు బాగుజేసింది మా నాయిన. ఫ్యాక్టరీ కాదు. గా ఎర్రచుక్క కుంకుమ. నేనే పెట్టిన."

ఉదయలక్ష్మి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. మొత్తం విన్నది. విన్నాక అన్న మాట మాత్రం ఆఫీసు మాటే.

"మన పనేంటి? కాపీలో ఏముంటే పేజీలో అది. తప్పున్నా అదే. నీకు తెలియంది కాదు."

"అనుమానముంటే అమెరికాకు క్వెరీ పెట్టి అడగొచ్చు గద మేడమ్."

"పెట్టొచ్చు. పేజీలో కనబడే తప్పుకి. మీ నాన్నగారు పేజీలో ఎక్కడున్నారు చెప్పు?"

"లేడు మేడమ్. గదే తప్పు."

ఉదయలక్ష్మి తన కుర్చీ పక్కకు జరిపి, "రాయి. రెండు వాక్యాలే. ఏడుపులొద్దు" అంది.

చుక్క కుంకుమ అయి ఉండవచ్చు, హైదరాబాద్‌లో 1996లో బాగు చేసిన వ్యక్తి ఇంటివారు పెట్టింది, దయచేసి రచయితను అడగండి. ఈ రెండు ముక్కలు ఇంగ్లీషులో రాయడానికి దివ్యశ్రీకి ముప్పావుగంట పట్టింది. పద్నాలుగు నెలలుగా పేజీల కొద్దీ ఇంగ్లీషు ఆమె చేతి కింద నుంచి పోయింది. అందులో ఆమె సొంతంగా రాసింది ఇదొక్కటే.

మర్నాడు పొద్దున జవాబు వచ్చింది. రచయితను సంప్రదించాం. అక్కడ ఒక వడ్రంగి తీగలు మార్చాడని ఆయన గుర్తు చేసుకున్నారు, అంతకుమించి ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టే ఉంచండి.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండా దివ్యశ్రీ కిందికి దిగింది. పాన్ డబ్బా పక్కన ఎర్రటి కాయిన్ ఫోను ఉంది. నంబరు వెతుక్కోనక్కర్లేదు. తొమ్మిదేళ్లుగా ఆ తలుపు వెనక చూస్తున్నదే.

"సార్, నేను పంజాగుట్ట సారయ్య బిడ్డను."

"సారయ్య? ఆఁ... సారయ్య కూతురివా! బావున్నారా అమ్మా మీ నాన్నగారు?"

"దగ్గుతోని ఉన్నడు సార్. మీరు పేరేస్తనన్నరు గద సార్."

అటువైపు గొంతులో కోపం లేదు, పాఠం చెప్పే ఓపిక ఉంది.

"చూడమ్మా, మీ నాన్నగారి చెయ్యి బంగారం. నేను కాదనను. కానీ ఈ లోకం వేరు. ఫ్యాక్టరీ చెయ్యి పడిందంటే గిటారుకి ఒక గౌరవం. పంజాగుట్ట వడ్రంగి చెయ్యి పడిందంటే ఎవడూ ముట్టుకోడు. పేరు వేస్తే ఆయనకొచ్చేది ఏముంది? గిటారుకి మాత్రం పోతుంది."

"మరి మేకులు కొడ్తరని ఎందుకు రాసిన్రు సార్?"

"అది మీ నాన్నగారి గురించి కాదమ్మా. మిగతావాళ్ల గురించి." ఒక్క క్షణం ఆగాడు. "అవునూ, అది ఇంకా అచ్చవలేదే. నీకెలా తెలిసింది?"

దివ్యశ్రీ ఫోనులో ఇంకో రూపాయి వేసింది.

"ఓహో. నిన్న వచ్చిన ప్రశ్న నీదేనన్నమాట. అక్కడ పనిచేస్తున్నావా? మంచిదమ్మా, చదువుకుని పైకొచ్చావు. ఉద్యోగం జాగ్రత్తగా చేసుకో."

ఫోను పెట్టేశాడు. వెనక నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు "అయిందా అక్కా?" అని అడిగారు. ఆమె పక్కకు తప్పుకుంది.

నాలుగు గంటలకు పేజీలన్నీ సిద్ధమయ్యాయి. ఎర్రచుక్క ఫొటో కింద రాత చివర దివ్యశ్రీ కర్సర్ పెట్టింది. అమెరికాలో దీన్ని ఇంకొకసారి ఎవరూ చదవరని ఆమెకు తెలుసు. ఇక్కడి నుంచి పోయింది పోయినట్టే అచ్చవుతుంది. కొట్టింది: బాగు చేసింది సారయ్య, పంజాగుట్ట, హైదరాబాద్. కొట్టి చూసుకుంది. తెర మీద ఆ అక్షరాలు అందంగా ఉన్నాయి. ఎవరో పెద్ద మనిషి పేరులా ఉంది.

పోల్చి చూసే ప్రోగ్రాం నడపగానే ఆ మాటల మీద పసుపు రంగు పడింది. కాపీలో లేని ప్రతి అక్షరానికీ అది పసుపు పూస్తుంది. వెనక ఉదయలక్ష్మి నిలబడి ఉన్న సంగతి అప్పుడు తెలిసింది.

ఆమె అరవలేదు. "తీసెయ్ తల్లీ" అంది మెల్లగా. "కింద సంతకం నాది. ఇద్దరు పిల్లల ఫీజులు కట్టాలి నేను. నీ ఉద్యోగం, నా ఉద్యోగం, రెండూ పోతాయి. పేరు మాత్రం మళ్లీ నెల సవరణలో తీసేస్తారు. రాసినాయన ఊరుకుంటాడా?"

మొత్తం ఒకేసారి పట్టి తీసేయొచ్చు. దివ్యశ్రీకి చేతకాలేదు. చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటే వెనక్కి కొట్టుకుంటూ పోయింది. ఊరు పోయింది, పంజాగుట్ట పోయింది, ఆఖరున పేరు పోయింది. పసుపు రంగు కూడా పోయింది.

"నేనేం చూళ్లేదు" అని ఉదయలక్ష్మి సంతకం పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి సారయ్య షెడ్డు ముందు కుక్కి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ప్రతి నెలా అడిగేదే అడిగాడు.

"ఈ తాప వచ్చిందా బిడ్డా?"

ప్రతి నెలా ఆమె రాలే నాయినా అనేది. ఆ రోజు కూడా అదే అంటే సరిపోయేది. కానీ రాలేదంటే ఆయన వచ్చే నెల మళ్లీ అడుగుతాడు, ఇక ఎప్పటికీ అడుగుతూనే ఉంటాడు. జరిగింది చెప్పాలంటే మేకుల మాట చెప్పాలి. చేతిలో దగ్గు మందు సీసా అట్లాగే పట్టుకుని, "వచ్చింది నాయినా" అంది.

రెండు నెలలకు అచ్చయిన సంచికలు రెండు ఆఫీసుకు వచ్చాయి. ఒకటి ఫైలుకు పోయింది. రెండోది ఉదయలక్ష్మి తెచ్చి దివ్యశ్రీ సంచిలో దోపింది. "మీ నాన్నగారికి ఇవ్వు. గిటారైనా చూసుకుంటారు" అంది. ఇంట్లో చెప్పిన అబద్ధం ఆమెకు తెలియదు.

పుస్తకం ముట్టుకునే ముందు సారయ్య సబ్బుతో చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకున్నాడు. ఒక్కో పేజీ తిప్పుతూ గిటారును నెమ్మదిగా చూశాడు. ఎర్రచుక్క దగ్గర ఆగి గట్టిగా నవ్వాడు. "ఇగో, ఇది నీ ఏలు! వజ్రా, ఇటు రా, నీ బిడ్డ ఏలు అమెరికాకు పోయింది!"

తర్వాత అడిగాడు. "నా పేరేది?"

దివ్యశ్రీ ఫొటో కింది రాత మీద వేలు పెట్టింది. ఆ వేలి కింద ఉన్నవి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ అనే రెండు మాటలు.

"గింత పొడుగున్నదేంది?"

"ఇంగ్లీషుల గట్లనే ఉంటది నాయినా."

సారయ్య ఆ రెండు మాటల మీద వేలితో రాసుకుంటూ పోయాడు, రంపం పెట్టే ముందు చెక్క తడిమినట్టు. మర్నాడు టేకు పట్టీలు కోసి చట్రం చేసి, అద్దం బిగించి, దుకాణంలో ఎదురుగా మేకుకు తగిలించాడు. హనుమాండ్లు సందులో అందరికీ చాయ్ పోశాడు. "సారన్నా, ఇగ నీతోని మాట్లాడాల్నంటే వీసా కావాలె" అన్నాడు. ఆ వారమంతా సారయ్య దగ్గు కూడా తక్కువగానే దగ్గాడు.

అమీర్‌పేట పక్కనే ఉందన్న సంగతి దివ్యశ్రీ ఆలోచించలేదు. ఇంగ్లీషు చదవగలిగేవాళ్లు వేలమంది ఆ సందుల్లోనే తిరుగుతుంటారు. పదో రోజు సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆ మేకుకు ఉలుల సంచి వేలాడుతోంది. చట్రం గోడ వైపు తిప్పి మూలకు పెట్టి ఉంది.

సారయ్య కంప్యూటర్ టేబుల్ అంచు నునుపు చేస్తున్నాడు. తలెత్తలేదు.

"తీగలు తెగినయని కోచింగుల చదివే పిల్లగాడొకడు వచ్చిండు. అంకుల్, మీ పేరేడున్నది అన్నడు. చూపిచ్చిన. నవ్విండు. అటెన్క పాపం, నవ్వు బంజేసిండు." రెండు తోపులు తోసి ఆగాడు. "మొత్తం చదివిచ్చుకున్న. ఎనిమిది పేజీలు. తెలుగుల చెప్పిండు."

దివ్యశ్రీ గడప దగ్గరే నిలబడిపోయింది.

"బజారు వడ్రంగులు మేకులు కొడ్తరట. నేను ఒక్క మేకు కొట్టిన్నా బిడ్డా? లోపల చెయ్యి పెట్టింది నువ్వే గద. తగిలిందా నీకు?"

"లే నాయినా. తగల్లే."

"ఆఁ." అప్పుడు తలెత్తి చూశాడు. కోపంగా చూసి ఉంటే ఆమెకు సులువయ్యేది. "గంత చదువు చదివితివి. ఒక్క అబద్ధం సుత సక్కగ చెప్పరాకపాయె నీకు."

వజ్రమ్మ లోపల గిన్నెలు సర్దుతూ, చప్పుడు ఆపింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. దివ్యశ్రీ పత్రిక మార్చమని అడిగి పళ్ల డాక్టర్ల పత్రికకు మారింది. అక్కడ కాపీలో ఏముంటే అదే పేజీలో పెట్టేది. ఒక్క తేడా రాదని ఉదయలక్ష్మి అందరి ముందూ మెచ్చుకునేది.

సారయ్య ఇక గిటారు ముట్టుకోలేదు. ఎవరైనా తెస్తే "తెల్వది బాబూ, టేబుళ్లు చేస్త" అనేవాడు. బంక కాచే గిన్నెను వజ్రమ్మ తోమి బోర్లించింది. వీధి చివర కొత్త కోచింగ్ సెంటర్ లేస్తే దానికి అరవై టేబుళ్లు చేశాడు, ప్లైవుడ్‌తో, మేకులు కొట్టి. వాటికి బొట్టు పెట్టలేదు. 2008 ఎండాకాలంలో, ఆ దగ్గుతోనే పోయాడు. ఆ గిటారు ఇప్పుడు ఏ దేశంలో ఎవరి అద్దాల బీరువాలో ఉందో దివ్యశ్రీకి తెలియదు.

ఎప్పుడైనా, ఎక్కడైనా, పాత గిటారు ఒకటి మీ చేతికొస్తే గుండ్రటి రంధ్రంలోంచి చిన్న అద్దం దూర్చి చూడండి. తీగలు కట్టే చోట, అడుగున, పలక మీద చిన్న ఎర్రచుక్క కనబడితే అది ఏ ఇన్‌స్పెక్టరూ పెట్టింది కాదు. చెయ్యి తిమ్మిరెక్కినా వదలని ఒక పన్నెండేళ్ల పిల్ల వేలది. ఆ పలక చెక్కినవాడు ఆమె తండ్రి. ఆయన పేరు ఆ పుస్తకంలో లేదు. పంజాగుట్ట సారయ్య. ఒక్క మేకు కొట్టకుండా, వందేళ్ల తర్వాత విప్పేవాడికి దారి ఉంచి పని చేసినవాడు. మీరైనా గుర్తుపెట్టుకోండి.